మూడుసార్లూ ఒకేలా ఊదిన ఊపిరి

మా వదిన ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని నాలుగు రోజులపాటు భయపడ్డాను. నేను భయపడడమే కాదు, మా అన్నను కూడా భయపెట్టాను. ఆ నాలుగు రోజులూ గడిచిపోయాయి. వదిన ఇప్పుడు పక్కగదిలో ఎవరితోనో ఫోనులో గట్టిగా వాదిస్తోంది. అందుకే ఈ సంగతి కాస్త నవ్వుతూ రాయగలుగుతున్నాను.

మా ఊరు చిన్న మంగళారం. నేను మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీకి బస్సు నడుపుతాను. పొద్దున శంకర్‌పల్లి వైపు నుంచి పిల్లలను ఎక్కించుకొని తొమ్మిదిన్నరకు కాలేజీలో దింపితే, మళ్లీ సాయంత్రం నాలుగింటి దాకా బస్సుకు పని ఉండదు. తోటి డ్రైవర్లు సీట్ల మీద పడుకొని నిద్రపోతారు, లేదంటే పేకాడతారు. నేను బైకు మీద చేవెళ్ల గ్రంథాలయానికి పోతాను. నా బడి చదువు పదో తరగతితోనే ఆగింది, కానీ చదువు ఆగలేదు. తేనెటీగల గురించి, భూమి చట్టాల గురించి, రైలు సిగ్నళ్ల గురించి, మూత్రపిండాల గురించి అక్కడే కూర్చొని చదివాను. చదివినదాన్ని నోట్‌బుక్కులో రాసుకోవడం అలవాటు. ఇప్పటికి పదకొండు నిండాయి. ఒకసారి బస్సులో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఎందుకు ఉండదని పక్కవాణ్ణి అడిగాడు. వాడికి తెలియలేదు. స్టీరింగ్ దగ్గర నుంచి నేను చెప్పాను. ఆ రోజంతా నా నడకే వేరుగా ఉండింది.

వదిన మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటికి వచ్చింది. అప్పటికే మా అమ్మ లేదు. నాకు అన్నం పెట్టింది, తల దువ్వింది, పదో తరగతి ఫలితాల రోజు నాకంటే ముందు ఏడ్చింది. బడిలో గ్యాస్ పొయ్యి ఉంది. కానీ సిలిండర్ రావడం ఆలస్యమైతే వారం వారమంతా కట్టెల పొయ్యే. కొన్ని నెలలుగా వదినకు ఆయాసం. అడిగితే "పొగ తగిలింది తియ్యి" అనేది. ఒకరోజు అన్నం వండే పెద్ద గంజు పొయ్యి మీంచి దించబోయి, దించలేక గోడకు ఆనుకొని కూర్చుండిపోయిందని తోటి వంటావిడ వచ్చి చెప్పింది. ఇక నేను ఊరుకోలేదు.

చేవెళ్లలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు పట్నం నుంచి ఛాతీ డాక్టరు వస్తాడు. ఆయన కూర్చునేది మంగళవారం ఒక్కరోజే. ఊపిరి ఎంతుందో కొలిచే ఊదే పరీక్ష ముందుగానే చేయించుకొని ఉంచుకొమ్మన్నారు. శుక్రవారం వెళ్లాం. లోపల ఒక్కతే టెక్నీషియన్ అమ్మాయి, బయట బెంచీల నిండా జనం. ఆ అమ్మాయి వదిన ముక్కుకు క్లిప్పు పెట్టి, యంత్రానికి అమర్చిన అట్ట గొట్టం నోటికి అందించింది.

"గాలి మంచిగ లోపలికి గుంజుకొని గట్టిగ ఊదాలె అమ్మా. పొయ్యి ఊదినట్టు ఊదు."

"గదేనా బిడ్డా? అది నాకు రోజూ ఉన్న పనే గద."

వదిన ఊదింది. అమ్మాయి తెర చూసి మళ్లీ ఊదమంది. మళ్లీ ఊదింది. మూడోసారి కూడా అయ్యాక అమ్మాయి ముఖం తేటపడింది.

"మూడు సార్లు ఒక్కతీరే వచ్చినయ్. కొందరికి పదిసార్లయినా రాదు అమ్మా."

వదిన క్లిప్పు తీసేసి నా వైపు తిరిగింది. "రాసుకో నీ నోట్‌బుక్కుల. మీ వదిన మొదటిసారికే పాసైందని."

చేతికిచ్చిన కాగితంలో ఎడమవైపు అంకెలు, కుడివైపు రెండు గీతల బొమ్మలు, అడుగున యంత్రమే అచ్చు వేసిన ఒక మాట ఉన్నాయి. మోస్తరు రెస్ట్రిక్షన్. అంటే ఏమిటని అమ్మాయిని అడిగాను.

"డాక్టర్ సారు చెప్తడన్నా. మంగళవారం రాండ్రి."

మంగళవారం దాకా ఆగే మనిషిని కాను. శనివారం కాలేజీలో పిల్లలను దింపగానే గ్రంథాలయానికి వెళ్లాను. రెండేళ్ల కింద గుండె గురించి చదివిన డిగ్రీ పాఠ్యపుస్తకం అదే అరలో ఉంది, అట్ట మాత్రం ఊడిపోయి దారంతో కట్టి ఉంది. శ్వాస అధ్యాయం తీశాను. మొదటి గంట ఏమీ అర్థం కాలేదు. తర్వాత నాకు తెలిసిన భాషలోకి మార్చుకుంటే తేలికయింది.

ఊపిరితిత్తులు ఒక బస్సు అనుకున్నాను, లోపలి గాలి ప్రయాణికులు. ఊదడమంటే అందరూ దిగడం. పరీక్ష చూసేది ముఖ్యంగా రెండు సంగతులు. మొత్తం ఎంతమంది దిగారు, మొదటి సెకనులోనే ఎంతమంది దిగారు. తలుపు ఇరుకైన బస్సులో జనం నిండుగానే ఉంటారు కానీ మొదటి సెకనులో కొద్దిమందే దిగగలరు, మిగతావాళ్లు తోసుకుంటూ నెమ్మదిగా వస్తారు. ఆస్తమా లాంటివి ఆ రకం. రెండో రకంలో తలుపు బాగానే ఉంటుంది, బస్సే చిన్నది. ఎక్కినవాళ్లే తక్కువ కాబట్టి అందరూ చప్పున దిగిపోతారు. వదిన కాగితంలో మొత్తం గాలి ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. మొదటి సెకను గాలి కూడా తక్కువే. కానీ ఊదిన దాంట్లో దాదాపు అంతా మొదటి సెకనులోనే వచ్చేసింది. తలుపు వెడల్పుగా ఉంది, బస్సు చిన్నది. అదే రెస్ట్రిక్షన్.

బస్సు ఎందుకు చిన్నదవుతుందో చెప్పే పేజీలో ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడిపోవడం గురించి ఉంది. ఆయాసం మెల్లగా పెరుగుతుందని ఉంది. గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదని ఉంది.

ఒక మాట దాచకుండా రాయాలి. కాగితాన్ని సొంతంగా చదవగలిగానన్న సంతోషం నాకు ముందు కలిగింది. భయం ఆ తర్వాత వచ్చింది. ఆ వరుస తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సాయంత్రం పొలం దగ్గరికి వెళ్లేసరికి అన్న మార్కెట్టుకు కొత్తిమీర కట్టలు కడుతున్నాడు. బస్సు, తలుపు, అంతా విడమరిచి చెప్పాను. అన్న చేతులు ఆపకుండా విన్నాడు.

"అయితే తగ్గదా?"

"మందులున్నయ్ అన్నా. కానీ పోయింది మళ్ల రాదు."

"నీకు పక్కా తెల్సా?"

"పుస్తకంల ఉన్నది. మిషన్ గూడ అదే రాసింది. మూడుసార్లు ఒక్కతీరే వచ్చింది, అబద్ధం ఎట్లయితది?"

అన్న కట్టిన కట్టకే మళ్లీ దారం చుట్టాడు. "మీ వదినకు చెప్పకు" అన్నాడు. చెప్పనన్నాను.

మరునాడు ఆదివారం. మా చర్చిలో వాక్యం చెప్పేముందు ప్రార్థన అవసరాలు చదువుతారు. పరీక్షలున్న పిల్లల పేర్లు, నొప్పుల మీదున్న ఆడవాళ్ల పేర్లు, బోరు వేస్తున్నవాళ్ల పేర్లు. అన్న ఎవరికీ చెప్పనివాడే, కానీ గేటు దగ్గర పాస్టరు అయ్యగారి చెయ్యి పట్టుకొని జర ప్రార్థన చెయ్యమని అడిగాడట. వదినకు తెలుసో తెలియదో ఆయన అడగలేదు, అన్న చెప్పలేదు. కాసేపటికి మైకులో వినిపించింది.

"మన సహోదరి, బడిల మన పిల్లలందరికి అన్నం వండి పెట్టే తల్లి, ఆమె ఊపిరితిత్తులు గట్టిపడ్డయని దవాఖానల చెప్పిన్రట. అందరం మోకరిద్దాం."

ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న వదిన ముందు చుట్టూ చూసింది, ఆ సహోదరి ఎవరా అని. అందరూ తననే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది. అందరితోపాటు మోకరించింది, కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు. ప్రార్థన మధ్యలో వదిన ఒక్క కన్ను తెరిచి నన్ను చూసింది.

ఆరాధన ముగిసి బయటికి రాగానే నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏ దవాఖాన చెప్పింది?"

"దవాఖాన కాదు వదినా. నేనే."

"నువ్వా? ఏం లైబ్రరీ డాక్టరువయ్యా నువ్వు! నా ఊపిరి సంగతి నాకన్న ముందు మైకుకు తెల్సింది." నవ్వుతూనే అంది. నేను నవ్వకపోయేసరికి ఆమె గొంతు తగ్గింది. "నిజంగనేనా?"

నేను అన్న వైపు చూశాను. పక్కన నిలబడ్డ అన్న తల దించుకొని చెప్పులు వెతుక్కుంటున్నాడు. చెప్పులు ఆయన కాళ్లకే ఉన్నాయి.

ఆ రోజు ఆరాధన తర్వాత సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు. చర్చి వెనక రాళ్లు పేర్చి పెద్ద పొయ్యిలు పెట్టారు. అన్నం వండే బాధ్యత ఎప్పుడూ వదినదే. ఆడవాళ్లు ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

"నువ్వు కూసో అక్కా, నీకు బాగలేదంట గద."

"బాగలేకుంటె? నేను కూసుంటే మీరు వండిన అన్నం ముద్దయితది, సంఘమంతా నన్నే తిడ్తది. జరుగుండ్రి."

కట్టెలు పచ్చివి, మంట లేవడం లేదు. వదిన ఇనుప ఊదుగొట్టం అందుకొని పొయ్యి ముందు కూర్చుంది. ఆపాలని వెళ్లాను. వెళ్లి, ఆపకుండా చూస్తూ నిలబడిపోయాను.

గొట్టానికి నోరు పెట్టింది. ఫూ అని ఒక్క ఊపు. వెంటనే నోరు తీసేసి ముఖం పక్కకు తిప్పుకుంది. మళ్లీ పెట్టింది, ఫూ, మళ్లీ పక్కకు. ఒక్కసారి కూడా ఊపిరి అయిపోయేదాకా గొట్టం మీద నోరు ఉంచలేదు. ఎందుకుంచుతుంది? ఉంచితే పొగ, బూడిద గొట్టంలోంచి తిరిగి నోట్లోకి వస్తాయి. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న ఏ ఆడమనిషైనా అలాగే ఊదుతుంది. పొయ్యి ఊదినట్టు ఊదమని ఆ అమ్మాయి చెప్పింది, వదిన అచ్చం అలాగే ఊదింది. మూడుసార్లూ.

జేబులోంచి కాగితం తీశాను. శుక్రవారం నుంచి నేను చూసింది అంకెలే, బొమ్మల వైపు కన్నెత్తి చూడలేదు. గాలి ఎంత వచ్చిందో చూపే గీత పైకి లేచి, మెల్లగా చదునుగా సాగాల్సింది పోయి, అంచు కోసేసినట్టు ఆగిపోయింది. దాని కింద చిన్న అక్షరాల్లో ఊదిన సమయం ఉంది. సెకనున్నర కూడా లేదు. ఆరు సెకన్ల దాకా ఊదాలని శనివారం నా చేత్తో నేనే నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాను. తలుపు మధ్యలోనే మూసేసి, అప్పటిదాకా దిగినవాళ్లను మాత్రమే లెక్కపెడితే ఎంత పెద్ద బస్సయినా చిన్న బస్సుగానే కనబడుతుంది. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే.

"వదినా, జర లేసి ఇటు రా. పొయ్యి దగ్గర కాదు. ఆ గొట్టంతోనే గాల్లకు ఊదు. నోరు ఇడువకు. ఊపిరి అయిపోయేదాక ఊదుతనే ఉండు."

"ఇప్పుడా? అక్కడ ఎసరు పెట్టాలె."

"ఒక్కసారి."

వదిన ఊదింది. నేను గడియారం చూశాను. నాలుగు సెకన్లు, ఐదు, ఆరు. గాలి ఇంకా వస్తూనే ఉంది. చివరికొచ్చేసరికి ఆమె ఛాతీలోంచి సన్నగా పిల్లికూత వినిపించింది. ఏడు దాటాక దగ్గుతూ ఆపింది. కూరగాయలు తరిగే ఆడవాళ్లు ఒకటే నవ్వు.

"ఏందక్కా, మీ మరిది నీకు పిల్లనగ్రోవి నేర్పుతున్నడా?"

"ఏం నేర్పుతడో ఏమో! పొద్దుగాల సంపిండు, ఇప్పుడు బతికిస్తున్నడు."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెయ్యలేదు. ఒకసారి తొందరపడి నోరు జారినవాణ్ణి. అన్నను పక్కకు పిలిచి, నేను చెప్పింది తప్పు కావచ్చు, మంగళవారం దాకా ఆగుదామన్నాను.

అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ ఆగుదామన్న మాటేదో శనివారమే అంటే ఏం పోయేదిరా?"

సోమవారం ఎలా గడిచిందో గుర్తు లేదు. మంగళవారం వదినను తీసుకొని పోయాను. డాక్టరు కాగితం తీసుకొని అంకెల వైపు చూడనే లేదు, బొమ్మ చూశాడు. "ఇది సగం పరీక్ష" అన్నాడు. వదిన వీపు మీద స్టెతస్కోపు పెట్టి అంగుళం అంగుళం విన్నాడు. తెల్లవారుజామున ఛాతీలో ఈల వినబడుతుందా అని అడిగాడు.

"రోజు వినబడ్తది సారు. మా ఆయన పిల్లి దూరిందని రెండుసార్లు లేసి వెతికిండు."

ఈ మాట వదిన ఇంతకుముందు నాతో కూడా అంది. కాగితంలో లేదు కదా అని నేను లెక్కలోకి తీసుకోలేదు.

పొయ్యి సంగతి చెప్పాను. డాక్టరు నవ్వి, టెక్నీషియన్ అమ్మాయిని పిలిచి, ఇకమీదట పొయ్యి పేరు ఎత్తొద్దన్నాడు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. వదిన ఊరుకోలేదు. "ఆ బిడ్డనేం అనకుండ్రి సారు. నాకు అర్థమయ్యేటట్టే చెప్పింది. తప్పు పొయ్యిది."

మళ్లీ పరీక్ష. ఈసారి అమ్మాయి వదిన ఎదురుగా నిలబడి చేతులూపుతూ అరిచింది, "ఊదు ఊదు ఊదు, ఇంకా ఇంకా ఇంకా, ఆపకు ఆపకు!" బయట బెంచీల మీదివాళ్లు కూడా ఊపిరి బిగబట్టారు. కాగితం వచ్చింది. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నన్ను దగ్గరికి పిలిచాడు.

మొదటి సెకను అంకె రెండింటిలోనూ దాదాపు ఒకటే. మారింది మొత్తం గాలి. ఈసారి అది ఉండాల్సినంత ఉంది. అంటే బస్సు పెద్దదే, ఇరుకైంది తలుపు. శుక్రవారం కాగితంలో ఆ ఇరుకు ఉండనే ఉంది, తలుపు మధ్యలో మూయడం వల్ల కనబడకుండా పోయింది. తర్వాత గాలి దారులు తెరిచే మందు పీల్పించి, పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు. మొదటి సెకను అంకె బాగా పైకి లేచింది.

"ఆస్తమా" అన్నాడు డాక్టరు. "పొగ దాన్ని రేపుతోంది. ఏళ్ల తరబడి పొగ పీల్చినవాళ్లకు ఇరుకు ఒక్కోసారి శాశ్వతంగా ఉండిపోతుంది, మందుకు ఇంతగా తెరుచుకోదు. ఈమెది తెరుచుకుంది. మంచిదే."

"మరి గట్టిపడుడు?" అని అడిగాను.

"దాని గుర్తులేవీ లేవు. అసలు ఊపిరితిత్తులు చిన్నబడ్డాయని ఊదే పరీక్ష ఒక్కదానితో ఖాయం చెయ్యకూడదు. ఊదాక లోపల మిగిలే గాలిని కూడా కొలవాలి. దానికి వేరే పరీక్ష ఉంది."

"చదివిన సార్. ఆ పేరా చదివి దాటేసిన."

కోప్పడతాడనుకున్నాను. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "చదవడం మానకండి. ముందు బొమ్మ, తర్వాత అంకెలు, మిషన్ రాసిన మాట చివర. మనిషి చెప్పే మాట అన్నిటికంటే ముందు."

వదినకు ఇవేవీ పట్టలేదు. "వంట మానాల్నా సారు?" అని అడిగింది. ఆదివారం నుంచి ఆమెకున్న అసలు భయం అదేనని నాకు అప్పుడు అర్థమైంది.

"వంట మానక్కర్లేదు. పొగకు దూరంగా ఉండాలి. పీల్చే మందు మాత్రం తగ్గినా మీ అంతట మీరు ఆపొద్దు."

చేవెళ్లలో బస్సెక్కి కూర్చోగానే వదిన ఏర్పాట్లు మొదలుపెట్టింది. కట్టెల పొయ్యి రోజుల్లో మంట దగ్గర తోటి వంటావిడ ఉంటుందట, తను కూరగాయలు కోసి, బియ్యం కడిగి, అన్నం వార్చే పని చూసుకుంటుందట. సిలిండర్ సంగతి బడి పెద్దసారుతో తానే మాట్లాడుతుందట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొడుతూ కూర్చున్నాను. వదిన ఇంకో గంటసేపు మాట్లాడినా వినేవాణ్ణే.

మొయినాబాద్‌లో దిగేసరికి స్టాపు పక్క చాయ్ బండి దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. కోసిన కొత్తిమీరను పొలంలోనే వదిలేసి వచ్చాడు. నేను నోరు తెరవబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆగు. నేను చెప్త." అన్న వైపు తిరిగింది. "గాలి పోయే తొవ్వ ఇరుకైందట. మందు పీలిస్తే తెరుచుకుంటదట. గట్టిపడింది ఏం లేదు. గంతే."

అన్న ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. "ఇది ఎవరు చెప్పిన్రు?"

"డాక్టరే చెప్పిండన్నా. నేను పక్కనే ఉన్న."

అన్న తల ఊపి మూడు చాయ్‌లు చెప్పాడు. చెప్పి, బెంచీ మీద కూర్చొని, భుజం మీది తువాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వదిన ఆయన పక్కన కూర్చొని, రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ తన చాయ్ తాగింది. అన్న గ్లాసు మీద మీగడ కట్టింది. కాసేపు చూసి ఆ గ్లాసు కూడా తీసుకొని తాగేసింది.

అన్న తువాల తీసి చూసేసరికి గ్లాసు ఖాళీగా ఉంది.

"నా చాయ్ ఏది?"

"సల్లారుతుంటె ఎంతసేపు సూడాలె?" అని, వదిన బండివాడికి ఇంకో చాయ్ చెప్పింది.